వెలుగు కంటే ముందు వైరు



షామీర్‌పేట చెరువు దగ్గర కట్టమైసమ్మ గుడి ముందు ఆదివారం పొద్దున కాసేపు నిలబడితే, మన దిక్కున ఏ కార్లు ఎక్కువ అమ్ముడవుతున్నాయో షోరూమ్‌కు పోకుండానే తెలిసిపోతుంది. బానెట్ మీద బంతిపూల దండ, పసుపు కుంకుమ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి బండి రాజీవ్ రహదారి ఎక్కిందో లేదో లోపల చర్చ మొదలవుతుంది: ఇంకేం వేయిద్దాం? అల్లుడు అల్లాయ్ వీల్స్ అంటాడు. కొడుకు పెద్ద స్క్రీన్ అంటాడు. బావమరిది, ముందర ఇనుప గార్డు లేకుంటే బండికి రక్షణ ఏముంది బావా అంటాడు. అదే ఇంట్లో ఆ నెలలోనే ఇంకో ఖర్చు కూడా ఉంటుంది. కండ్లకోయ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో అమ్మాయికి సీటొచ్చింది, కంప్యూటర్ కొనాలి. అక్కడా రంగురంగుల లైట్ల డబ్బానే ముందు కంటికి ఆనుతుంది.

కారు సామాన్ల దుకాణంలోనూ కంప్యూటర్ దుకాణంలోనూ జరిగే పొరపాటు ఒకటే. డబ్బంతా పైకి కనిపించే దాని మీద పోతుంది. బరువు మోసేదీ కరెంటు మోసేదీ లోపల ఉంటాయి, వాటి దగ్గరికొచ్చేసరికి బేరం మొదలవుతుంది. వెలుగు కొనే ముందు వైరు సంగతి చూసుకోండి అన్నదే ఇవాళ్టి నా మాట. నిజంగా వైరు గురించే మొదలుపెడతాను.

చాలా కార్లలో హెడ్‌లైటుకు హెచ్ 4 రకం హాలోజన్ బల్బు వస్తుంది. హై బీమ్‌కు 60 వాట్లు, లో బీమ్‌కు 55. బ్యాటరీ 12 వోల్టులు కాబట్టి ఒక్కో బల్బు సుమారు 5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కంపెనీ వేసిన వైరు, స్విచ్చు, ఫ్యూజు అన్నీ ఆ లెక్కకు సరిపడా ఉంటాయి. రాత్రి మేడ్చల్ దాటి తూప్రాన్ వైపు లారీల మధ్య నడిపేవాళ్లకు ఆ వెలుగు చాలదనిపిస్తుంది. దుకాణానికి వెళ్తే 100, 90 వాట్ల బల్బు చేతిలో పెడతారు. ఇప్పుడు కరెంటు 5 నుంచి 8 ఆంపియర్లు దాటింది. వైరులో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. అంటే అదే వైరులో వేడి దాదాపు మూడు రెట్లు. బోరు మోటారుకు సన్న వైరు వేస్తే ఏమవుతుందో మన రైతులకు నేను చెప్పనక్కర్లేదు. కారులో అది కనిపించని చోట, డ్యాష్‌బోర్డు వెనక, ప్లాస్టిక్ పక్కన జరుగుతుంది.

పని తెలిసిన మెకానిక్ అయితే బల్బు అమ్మే ముందు రిలే అడుగుతాడు. బ్యాటరీ నుంచి నేరుగా మందమైన వైరు, మధ్యలో ఫ్యూజు, ఆ తర్వాత రిలే. స్టీరింగ్ దగ్గరి స్విచ్చు రిలేకు సైగ మాత్రమే చేస్తుంది, భారం రిలే మోస్తుంది. అసలు నా సలహా అడిగితే అంత వాట్ల బల్బే వద్దు. దాని వేడికి రిఫ్లెక్టరు మసకబారుతుంది, హోల్డరు కరుగుతుంది, ఎదురుగా వచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో తెల్లటి ఎల్ఈడీ బల్బు దూర్చినా అంతే. ఫిలమెంటు ఎక్కడ వెలుగుతుందో లెక్కగట్టి ఆ రిఫ్లెక్టరు వంపు చేస్తారు. వెలుగు పుట్టే చోటు మారితే వెలుతురు రోడ్డు మీద పడదు, చెట్ల మీదా ఎదుటివాడి ముఖం మీదా పడుతుంది. ముందు హెడ్‌లైటు అద్దం పాలిష్ చేయించి, ఎత్తు సరిచేయించి చూడండి. పాత బండ్లలో సగం సమస్య పసుపెక్కిన ఆ ప్లాస్టిక్ అద్దమే.

స్క్రీను, వెనక కెమెరా, ఆంప్లిఫయరు వేయించేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: కప్లర్ టు కప్లర్. మీ కారు కంపెనీ కప్లర్‌కు అచ్చంగా సరిపోయే కప్లర్ ఉన్న వైరింగ్ సెట్టు దొరుకుతుంది. అది ఉంటే ఒక్క వైరు కూడా కోయక్కర్లేదు. కోసి, మెలిపెట్టి, టేపు చుట్టిన అతుకు మన ఎండాకాలంలో ఎన్నాళ్లుంటుంది? టేపు జిగురు కారిపోయి ఊడుతుంది. ఆ అతుకు ఇనుముకు తగిలిన రోజున ఫ్యూజు కొడితే మీ అదృష్టం. కొత్త బండి వైరు కోసిన చోటు సర్వీసు సెంటర్‌వాళ్ల కంట పడితే ఎలక్ట్రికల్ వారంటీ మీద పేచీ ఖాయం. "అన్నా, ఏం గాదు, అందరూ ఏపిస్తున్నరు" అనే మాట వారంటీ కార్డు మీద చెల్లదు.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు అంటుందది. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో జరిమానా కూడా వచ్చింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీ ఆర్సీ మీద పాత టీఎస్ 08 ఉన్నా, 2024 మార్చి తర్వాతి టీజీ 08 ఉన్నా నియమం ఒక్కటే. ఆర్సీ తీసి చూడండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్లు, రంగు. ఇందులో ఏది మారబోతున్నా ముందు రవాణా శాఖ ఆఫీసు, తర్వాతే మెకానిక్. ఎర్ర కారును నల్లగా మార్చాలన్నా అంతే, ఆర్సీలోనూ రంగు మారాలి. ఫ్లోర్ మ్యాట్లకూ సీటు కవర్లకూ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నల్ల ఫిల్మ్ గురించి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు దాన్ని అతికించవద్దని తీర్పిచ్చింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది నియమం. మన ఎండకు కారు పొయ్యిలా మారే మాట నిజమే. దానికి కంపెనీ నుంచే వేడి ఆపే అద్దం వచ్చే మోడల్ చూసుకోవడం, నీడలో ఆపడం, బండి ఆపినప్పుడు కిటికీకి తీసిపెట్టే తెర కట్టుకోవడం తప్ప నేను దగ్గరి దారి చెప్పలేను.

ముందరి ఇనుప గార్డు మీద మాత్రం కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దాన్ని కొనేవాళ్లు భద్రత కోసమనే కొంటున్నారు. కారు ముందు భాగం నలగడానికే తయారుచేస్తారు. గుద్దుకున్నప్పుడు ఆ రేకు ముడుచుకుంటూ దెబ్బలో చాలా భాగాన్ని మింగేస్తుంది, లోపల కూర్చున్నవాళ్లకు తక్కువ చేరుతుంది. గార్డును నేరుగా ఛాసిస్‌కు బిగిస్తారు. ముడుచుకోవలసిన రేకును దాటి దెబ్బ సూటిగా చట్రానికి, అక్కడి నుంచి మీ మెడకు వస్తుంది. ఎయిర్‌బ్యాగు సెన్సారుకు కూడా లెక్క తప్పుతుంది. సెకనులో వందో వంతులు కొన్ని గడిచేలోపే తెరుచుకోవలసిన సంచి అది, ఆ లెక్కంతా గార్డు లేని కారుతో పరీక్షించి పెట్టింది. రోడ్డు దాటే ముసలాయనకు ఆ ఇనుప కడ్డీ ఏం చేస్తుందో వేరే చెప్పాలా? 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని అన్ని రాష్ట్రాలకూ రాసింది. అయినా దుకాణాల్లో వేలాడుతూనే ఉన్నాయి. బంపరుకు గీత పడుతుందని భయపడి మెడ పణంగా పెడుతున్నాం.

సీటు కవర్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. సీటు పక్కన చిన్న గుడ్డ పట్టీ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే, అక్కడ కుట్టు విడిపోయి సంచి బయటికి రావాలి. ఆ చోట బిగుతైన రెక్సిన్ కవరు కుట్టించేస్తే సంచి ఎటు పోతుంది? పక్క ఎయిర్‌బ్యాగుకు తగ్గ కవరు కావాలని అడగండి. దుకాణదారుకు ఆ మాట అర్థం కాకపోతే దుకాణం మార్చండి.

అల్లాయ్ వీల్స్ దగ్గరికి వద్దాం. పెన్నూ కాగితం ఉంటే రాసుకోండి. టైరు పక్కన 165/80 ఆర్ 14 అని ఉందనుకుందాం. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. 14 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. మొత్తం చక్రం వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు వస్తుంది. ఇదే బండికి 15 అంగుళాల అల్లాయ్ వేయాలంటే 185/65 ఆర్ 15 టైరు లెక్క చూడండి. గోడ 120, మొత్తం వ్యాసం సుమారు 621. సరిపోయింది. తేడా మూడు శాతం లోపలే ఉండాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్ల లెక్క. దాటితే స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది, మలుపులో టైరు ఫెండరుకు రాసుకుంటుంది. ఇక్కడ ఇంకో సంగతి గమనించారా? టైరు గోడ 132 నుంచి 120కి తగ్గింది. గుంతలో దెబ్బ కాచేది ఆ గోడే. తుర్కపల్లి, కీసర దారుల్లో కంకర టిప్పర్లు తవ్విపెట్టిన గుంతల్లో రోజూ తిరిగేవాళ్లు 16, 17 అంగుళాలకు పోతే రిమ్ములు వంకరపోవడం చూస్తారు. నన్నడిగితే పాత ఇనుప రిమ్ము ఉంచుకుని ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోమంటాను.

టైరు మీదే ఇంకో నాలుగు అంకెలుంటాయి, చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. కొత్త టైరు అని అమ్మేది మూడేళ్ల కింద చేసిందేమో అక్కడే తేలిపోతుంది. సైజు పక్కన 85 టి అన్నట్టు ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 85 అంటే ఆ టైరు 515 కిలోలు మోయగలదు, టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. ఔటర్ రింగు రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో 2023 నుంచి 120 దాకా పోనిస్తున్నారు. మేడ్చల్‌లో ఎక్కి శంషాబాద్‌లో దిగే లోపల టైరుకు ఊపిరి తీసుకునే సందు ఉండదు. గాలి తక్కువున్న టైరు ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది, పేలుళ్లలో చాలావాటి మూలం అదే. డ్రైవరు తలుపు దగ్గర గాలి లెక్క స్టిక్కరు ఉంటుంది. కుటుంబం, సామాను నిండా ఉన్నప్పుడు ఎంత పెట్టాలో కూడా దాని మీదే ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే పట్టించండి. నైట్రోజన్‌కు డబ్బు పెట్టేకంటే నెలకు రెండుసార్లు మామూలు గాలి చూపించుకోవడం మేలు.

సీఎన్జీ గురించి అడుగుతారని తెలుసు. భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల మదర్ స్టేషన్ మన షామీర్‌పేటలోనే ఉంది కాబట్టి ఆశ పుట్టడం సహజం. బీఎస్ 6 పెట్రోలు బండ్లకు కూడా బయట కిట్టు వేయించుకోవడానికి 2022 ఆగస్టులో కేంద్రం అనుమతిచ్చింది. కిట్టు ఆ మోడల్ బండికి ఆమోదం పొందినదై ఉండాలి, ఆర్సీలో ఇంధనం మారాలి, బీమా పాలసీలో కిట్టు విలువ చేర్పించాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ప్రమాదం జరిగిన రోజు బీమావాళ్లు మొదట వేలు పెట్టేది అక్కడే. డిక్కీలోని సిలిండరులో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. మీ టైరులో ఉండేది రెండు బార్లు, అంటే వంద రెట్లు. అందుకే మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష చేయించి, తేదీ గుద్దిన పట్టీ పెట్టించుకోవాలి. సెకండ్ హ్యాండు సీఎన్జీ బండి కొనేటప్పుడు ఇంజను శబ్దం వినే ముందు డిక్కీ ఎత్తి ఆ తేదీ చదవండి. రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగే ఇంటి బండికి ఈ హంగామా గిట్టుబాటు కాదు. రోజంతా తిరిగే ట్యాక్సీకి అవుతుంది.

మార్పులంటే అన్నీ వద్దనేవాడిలా వినిపిస్తున్నానేమో. కాళ్లు సహకరించని వాళ్లకు చేత్తో బ్రేకు, యాక్సిలరేటరు నొక్కే ఏర్పాటు ఉంది. చట్టమే దీనికి తలుపు తెరిచిపెట్టింది, అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవచ్చు. ఈ మధ్య ఆటోమేటిక్ గేర్ల బండ్లు రావడంతో పని ఇంకా తేలికైంది. అలాంటి బండి నడిపే మనిషికి కలిగే స్వేచ్ఛ ముందు మన స్పాయిలర్లు ఏపాటివి? ఇక కారు రూపమే మార్చేయాలన్న సరదా ఉన్నవాళ్లు ఒకసారి బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూసి రండి. కన్యాబోయిన సుధాకర్ గారు బర్గర్, బూటు, కెమెరా ఆకారాల్లో కార్లు తన చేత్తో కట్టారు. 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. 2010లో మ్యూజియం తెరిచారు. అక్కడ ఆకారాలన్నీ నడిచేవే. ఊరి రోడ్డు మీద రోజూ తిప్పడానికి మాత్రం కాదు.

ఇప్పుడు కార్లన్నీ కంప్యూటర్లే. ఇంజనుకు పెట్రోలు ఎంత పంపాలో ఈసీయూ అనే పెట్టె నిర్ణయిస్తుంది. దాని ప్రోగ్రాం మార్చి, అంటే రీమ్యాప్ చేసి, బలం పెంచుతామనేవాళ్లు ఉన్నారు. బలం పెరిగితే క్లచ్చు, గేర్లు, బ్రేకులు పాతవే ఉంటాయి కదా అని అడిగి చూడండి, సమాధానం చెప్పలేక నసుగుతారు.

సరే, ఇంట్లోకి వద్దాం. కంప్యూటర్ల విషయంలో మన జిల్లాకు పెద్ద చరిత్రే ఉంది. 1967లో పుట్టిన ఈసీఐఎల్ ఇప్పటి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోదే. టీడీసీ 12 పేరుతో 1969లో దేశీయంగా కంప్యూటర్ తయారుచేసిన సంస్థ అది. అప్పుడు అమర్చింది ఇంజనీర్లు. ఇప్పుడు పార్టులు విడిగా కొని ఇంటర్ చదివే పిల్లలు మంచం మీద కూర్చుని అమర్చేస్తున్నారు. స్క్రూ డ్రైవరు ఒక్కటి చాలు. కష్టం అమర్చడంలో లేదు, ఎంచుకోవడంలో ఉంది.

ముందు పని ఏమిటో చెప్పుకోండి. ఆన్‌లైన్ క్లాసులు, ప్రింటౌట్లు, మీ సేవ పనులు, దుకాణం లెక్కలు అయితే 8 జీబీ ర్యామ్, 256 లేదా 512 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. ఇంజనీరింగ్ పిల్లలకు 16 జీబీ తీసుకోండి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు 8 కొని, తర్వాత ఇంకో 8 వేసుకునేలా ఖాళీ స్లాటు ఉన్నదైనా చూసుకోండి. కొన్ని సన్నటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడానికి వీలుండదు. ఆ ఒక్క ప్రశ్న దుకాణంలో తప్పక అడగాలి.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఇళ్లల్లో గొడవలవుతాయి. మెకానికల్, సివిల్ పిల్లలకు త్రీడీ డిజైన్ పనికి కొంత కావాలి. ఏఐ, మెషీన్ లెర్నింగ్ చదివేవాళ్లకు ఎన్‌విడియా కార్డు పనికొస్తుంది, అందులోనూ వేగం కంటే దాని మెమరీ ఎంత అన్నది ముఖ్యం. మొదటి సంవత్సరంలో నేర్చుకునే సీ, పైథాన్‌లకు ఏ కార్డూ అక్కర్లేదు. తర్వాత అవసరమైనా గూగుల్ కోలాబ్‌లో కొంతవరకు ఉచితంగా చేసుకోవచ్చు. పిల్లవాడు ప్రాజెక్టు కోసమంటే ఏ ప్రాజెక్టు, ఏ సంవత్సరంలో అని మెల్లగా అడగండి. ఆటల కోసమైతే ఆటల కోసమని చెప్పమనండి, అందులో తప్పేం లేదు.

పాత లాప్‌టాప్ కొనేవాళ్లు ఇది జాగ్రత్తగా వినాలి. ఐ 7 అన్న స్టిక్కరు చూసి మోసపోకండి. ఆ 7 తర్వాత వచ్చే అంకె అసలు సంగతి. ఐ 7 6600 యు అంటే ఆరో తరం ప్రాసెసరు, లోపల రెండే కోర్లు. ఐ 5 8250 యు అంటే ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. పేరులో చిన్నదే పనిలో పెద్దది. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఒకటీ అరా మినహా ఎనిమిదో తరం, ఆపైనవే అధికారికంగా అర్హత ఉన్నవి. కంపెనీలు వదిలించుకున్న ఆరు, ఏడు తరాల మిషన్లు చవగ్గా దొరకడానికి ఇదొక కారణం. విండోస్ 11 వేసి ఇస్తామంటారు, ఏదో దారిలో వేస్తారు కూడా. రేపు అప్‌డేట్ ఆగిపోతే ఎవరూ పూచీ ఉండరు. ఉబుంటు లాంటి లినక్స్ వాడదలిస్తే మాత్రం ఆ పాత మిషన్లు బంగారం.

పాతదానికి బ్యాటరీ పరీక్ష అక్కడికక్కడే చేయించవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టమనండి. ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ ఒక అంకె, ఫుల్ చార్జ్ కెపాసిటీ ఇంకో అంకె. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించి బేరమాడండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే, హార్డ్ డిస్కు తీసి మామూలు సాటా ఎస్ఎస్‌డీ వేయించి చూడండి. హార్డ్ డిస్కు సెకనుకు నూరు, నూటయాభై మెగాబైట్లు చదివితే ఇది 500 దాటి చదువుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా చూపించే మార్పు ఇంకోటి నాకు తెలియదు.

ఇక కంప్యూటర్‌లో వైరు వంతు. ఎస్ఎంపీఎస్ అనే ఇనుప డబ్బా గోడ కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి అందరికీ పంచుతుంది. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే డబ్బా మీద 500 వాట్లు అని ఉన్నా, పక్కన చిన్న అక్షరాల్లో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చదవండి. దాన్ని పన్నెండుతో గుణిస్తే ప్రాసెసరుకూ గ్రాఫిక్స్ కార్డుకూ నిజంగా అందే వాట్లు తేలతాయి. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది తీసుకోండి. గాజు తలుపు, ఐదు రంగుల ఫ్యాన్లు మానేసి ఆ డబ్బు ఇక్కడ పెట్టండి. చౌక డబ్బా చచ్చేటప్పుడు ఒంటరిగా చావదు, మదర్‌బోర్డును కూడా తీసుకుపోతుంది.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని చాలామంది అంటారు. మిషన్ చెడిపోలేదు, ఇంట్లో ఎర్తింగు లేదు. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజుకూ బాడీకీ మధ్య, న్యూట్రలుకూ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్తు తెగి ఉంటే ఇనుప బాడీ మీద సగం వోల్టేజి, అంటే 115 దాకా తేలుతుంది. కరెంటు కొంచెమే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. మన మేడ్చల్, షామీర్‌పేట నేలంతా బండరాయి. కొత్త ప్లాట్లలో నాలుగడుగుల రాడ్డు దిగగొట్టి ఎర్తింగ్ అయిందనిపిస్తారు, ఎండాకాలం ఆ మట్టి ఎండి రాయైపోతుంది. గుంత తీసి సరిగా ఎర్తింగ్ చేయించి, ఎండల్లో అప్పుడప్పుడు నీళ్లు పోయండి. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూడండి. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య 230 దగ్గర ఉంటే, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఏసీకైనా ఫ్రిజ్జుకైనా ఇదే లెక్క.

యూపీఎస్ 600 వీఏ అని ఉంటే సుమారు 360 వాట్లనుకోండి. మామూలు డెస్క్‌టాప్‌కు పది పదిహేను నిమిషాలు ఇస్తుంది. అది ఫైలు దాచుకుని షట్‌డౌన్ చేయడానికే, సినిమా పూర్తి చేయడానికి కాదు. లేజర్ ప్రింటరును దాని మీద పెట్టకండి. ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ రాగి వైరు కూడా పీకేయండి, పిడుగు దాని వెంబడీ వస్తుంది. దుమ్ము సంగతి వేరే చెప్పాలి. క్రషర్లూ టిప్పర్లూ తిరిగే దారి పక్క ఇల్లయితే ఆరు నెలలకోసారి ఫ్యాన్లు శుభ్రం చేయండి. పంక్చర్ షాపు గాలి కొట్టిస్తే అందులో నీటి తుంపర, నూనె ఉంటాయి. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని చిన్న బ్లోయరుతో ఊదితే చాలు.

కొనడానికి ఎక్కడికంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. మేడ్చల్ నుంచి 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ మొదలైంది, వేళ చూసుకుంటే సికింద్రాబాద్‌లో దింపుతుంది. షామీర్‌పేట వాళ్లకు జూబ్లీ బస్టాండు బస్సు ఉండనే ఉంది. పార్టుల పట్టీ ఇంట్లోనే రాసుకుని, మూడు నాలుగు దుకాణాల్లో అదే పట్టీకి ధర అడగండి. ఒకటి రెండు పేర్లు మార్చి తక్కువ చెబితే ఏది మార్చారో అడగండి, తొంభై పాళ్లు ఎస్ఎంపీఎస్సే మారి ఉంటుంది. జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించండి. కంప్యూటర్ మొత్తానికి ఒకే వారంటీ ఉండదు, దేని వారంటీ దానిదే. లాప్‌టాప్ ఛార్జరు కొత్తది కొంటే దాని మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోండి.

పాత సామాను ఏం చేయాలన్నది మిగిలింది. కారు బ్యాటరీ, యూపీఎస్ బ్యాటరీ కొత్తది కొన్న చోటే తిరిగి ఇవ్వండి, ధరలో తగ్గిస్తారు. చెత్తబుట్టలో వేస్తే అది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది, లోపలి సీసం మన భూగర్భ జలాలకే చేరుతుంది. పాత హార్డ్ డిస్కు అమ్మేటప్పుడు మాత్రం తొందరపడకండి. ఫైలు డిలీట్ చేస్తే పేరు పోతుంది, లోపలి సమాచారం అలాగే ఉంటుంది. మన దిక్కున ఏ ఇంటి కంప్యూటర్‌లో చూసినా ఆధార్ కాపీలు, ప్లాటు సేల్ డీడ్లు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు ఉంటాయి. హార్డ్ డిస్కయితే డిస్కు మొత్తం సున్నాలతో నింపే ఫుల్ ఫార్మాట్ చేయించండి, రెండు మూడు గంటలు పట్టినా సరే. ఎస్ఎస్‌డీ అయితే తయారీ కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఇరేజ్ వాడండి. ఆ ఓపిక లేకపోతే డిస్కు మటుకు విప్పి మీ దగ్గరే ఉంచుకుని, మిగతాది అమ్మేయండి. కొనేవాడు రెండు మూడు వందలు తగ్గిస్తాడు, తగ్గించుకోనివ్వండి.